మీకు తెలుసా? పట్టా ఉక్కు గుట్టు చూపే గాజుపూస

భిలాయ్‌లో తయారయ్యే రైలు పట్టా ఎంతకాలం మన్నుతుందనేది చాలావరకు వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని పొరల మీద ఆధారపడి ఉంటుందని మీకు తెలుసా?

భిలాయ్ నెహ్రూ నగర్ తెలుగు ఇళ్లలో స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన వాళ్లుంటారు. 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా మిల్లులోంచి రావడం వాళ్లకు కొత్త కాదు. ఆ పట్టాలోంచి చిన్న ముక్క కోసి, అద్దంలా పాలిష్ పట్టి, నైటాల్ అనే ఆమ్ల ద్రావణంతో ఎచింగ్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే కనిపించేది పెర్లైట్. మెత్తని ఇనుము ఒక పొర, గట్టి ఐరన్ కార్బైడ్ ఒక పొర, మళ్లీ ఇనుము, మళ్లీ కార్బైడ్. పొరలు ఎంత దగ్గరదగ్గరగా ఉంటే ఉక్కు అంత గట్టిది, చక్రాల రాపిడికి అంత తక్కువ అరుగుతుంది. పట్టా ఉక్కులో ఈ ఎడం సుమారు 100 నుంచి 300 నానోమీటర్లు.

చిక్కు ఇక్కడే వస్తుంది. మామూలు కాంతితో చూసేటప్పుడు దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు గీతలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఈ హద్దును 1873లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆబె లెక్కగట్టాడు. లెన్స్ ఎంత మంచిదైనా కాంతి తరంగదైర్ఘ్యమే అడ్డు. అందుకే సన్నని పెర్లైట్ చాలాచోట్ల ఒట్టి బూడిదరంగు మచ్చలా ఉండిపోతుంది. ఎడం కొలవాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దాకా వెళ్లాలి. దానికి వాక్యూమ్ కావాలి, ఖర్చూ ఎక్కువే.

2011లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం, సింగపూర్ పరిశోధకులు కలిసి ఈ హద్దును చాలా చౌకైన వస్తువుతో దాటామని ప్రకటించారు. చూడాల్సిన వస్తువు మీద 2 నుంచి 9 మైక్రోమీటర్ల సిలికా గాజుపూసలు పరిచి, మామూలు మైక్రోస్కోప్‌తో, తెల్లటి కాంతితో, ఆ పూసలోంచి చూశారు. ఫోకస్‌ను ఉపరితలం కంటే కాస్త కిందికి దించితే 8 రెట్ల దాకా పెద్దదైన బొమ్మ కనిపించింది. బ్లూ-రే డిస్క్ మీద 100 నానోమీటర్ల ఎడంతో ఉన్న గీతలు విడివిడిగా తేలాయి. 50 నానోమీటర్ల వివరాల దాకా చూడగలిగామని వాళ్లు రాశారు.

అత్యంత సూక్ష్మమైన వివరాలను మోసే కాంతి వస్తువును వదిలి ఎక్కువ దూరం రాదు, ఉపరితలం దగ్గరే క్షీణించిపోతుంది. పూస వస్తువును ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆలోపే దాన్ని అందుకుంటుందని వాళ్ల వివరణ. ఈ వివరణ మీద శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ నడుస్తోంది. 2012లోనే అమెరికాలో బేరియం టైటనేట్ గాజుపూసలతో, ద్రవంలో మునిగి ఉన్నప్పుడు కూడా ఈ పద్ధతి పనిచేస్తుందని చూపారు.

ఒక్కో పూస కింద కనిపించేది కొన్ని మైక్రోమీటర్ల మేరే. జీవకణం మొత్తాన్ని చూడాలనుకునేవారికి ఇది పెద్ద లోటు. పెర్లైట్‌కు మాత్రం కాదనిపిస్తుంది. పొరలు వరుసగా పునరావృతమవుతాయి కనుక ఎడం తెలియడానికి నాలుగైదు గీతలు చాలు. పూసలు ముక్క అంతటా చెదిరి ఉంటే, ఒక్కో చోట ఒక్కో కొలత దొరుకుతుంది.

2016లో బ్రిటన్‌లోని బ్యాంగర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ చిన్న కిటికీని పొడవు చేశారు. పూస బదులు వాళ్లు వాడింది నెఫిలా సాలీడు దారం.