పులికి నోరు తెరవాలా, మూయాలా?

పూతలపట్టు: దసరాకు ఇంకా నెలరోజులు ఉండగానే ఇక్కడికి సమీపంలోని ఒక పల్లెలో పులి మీద తగవు మొదలైంది. పులివేషం కట్టే కుర్రవాడు తొడుక్కునే కాగితపు తలకు ఎలాంటి ముఖం పెట్టాలన్నదే ఆ తగవు.

పిలకాయలకు ఉగ్రరూపం కావాలి. నోరు బార్లా తెరిచి, కోరలు బైటపడి, కనుబొమలు ముడివేసి ఉండాలి. చిత్తూరు బజారులో దొరికే ప్లాస్టిక్ ముసుగును కూడా నమూనాగా తెచ్చి అరుగు మీద పెట్టారు. తల చేసే పెద్దాయన దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టేశారు. "ఇది ఎప్పుడూ అరస్తానే ఉంటాది నాయినా. వేటగాడు తుపాకి పేల్చినాక కూడా అరస్తానే సస్తాదా?" అన్నారు.

ఆ ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది. రంగులు పూసుకున్న మనిషి ముఖం క్షణానికో రకంగా మారుతుంది. కాగితపు తల మారదు. పులి పొద నుంచి తొంగి చూడాలి, వీధిలో రాజసంగా నడవాలి, పిల్లల మీదికి దూకాలి, గుండు తగిలి కూలాలి. ఈ నాలుగింటికీ ఒక్కటే ముఖం. అందుకని పెద్దాయన పద్ధతి ప్రకారం నోరు సగమే తెరుచుకుంటుంది, బొమలు తిన్నగా ఉంటాయి. తల ఎత్తితే పులి ధీమాగా కనిపిస్తుంది. గడ్డం ఛాతీకి ఆనిస్తే బొమల నీడ కళ్ల మీద పడి కోపం వస్తుంది. పక్కకు వాలిస్తే ప్రాణం పోయినట్టే ఉంటుంది. నేను ఎండలో నిలబడి చూశాను. ఆయన చేతిలో పాత తలను తిప్పుతుంటే ఆ మూడూ నాకు కనిపించాయి.

జపాన్ దేశపు నో నాటకంలో కొయ్య ముఖాలు ధరించే నటులదీ ఇదే కిటుకు. ముఖాన్ని కొంచెం పైకెత్తితే వెలుగు పడి సంతోషం, కిందికి దించితే నీడ పడి దుఃఖం. ఈ సంగతి చెబితే పెద్దాయన ఆశ్చర్యపోలేదు. "ఎండ యాడైనా ఎండే కదప్పా" అన్నారు.

నోరు తెరవడానికి మరో కారణం గాలి. చూపు కూడా చాలామటుకు నోటిలోంచే. నిరుడు పిలకాయల మాట విని కళ్లను సన్నగా, కోపంగా కోశారట. లోపలి కుర్రవాడికి దారి కనపడక రచ్చబండ రాయికి తట్టుకుని మోకాలు చీరుకుపోయింది. పలకల మోతలో అతని కేక ఎవరికీ వినిపించలేదు. అదీ ఆటలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు. ఈసారి కుర్రవాడి తల్లి వచ్చి, "మొగం ఎట్లయినా పెట్టండి, నా కొడుక్కి కండ్లు కనపడాల" అని చెప్పి వెళ్లింది. ఈ తగవులో అందరికన్నా సూటిగా మాట్లాడింది ఆవిడే.

తల తయారీకి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. బంకమట్టితో పులిముఖం చేసి, ఆరాక బూడిద రాస్తారు. పాత పత్రికల కాగితాన్ని చింతపిక్కల గంజిలో తడిపి పొరమీద పొరగా అంటిస్తారు. ఏడెనిమిది పొరలు ఆరిన తరువాత లోపలి మట్టిని తీసేస్తారు. ముఖకవళిక నిర్ణయం మట్టి దశలోనే జరిగిపోవాలి. కాగితం బిగిసిందంటే ఇక దవడ కదలదు, రంగుతో సరిదిద్దగలిగింది బొమలూ కళ్లూ మాత్రమే. మన చేర్యాల ముసుగులకు కూడా రంపపు పొట్టు, చింతపిక్కల ముద్దే ఆధారం.

ముఖాన్ని దేవుడిగా చూసే చోటు కూడా ఉంది. తంజావూరు జిల్లా మెలట్టూరులో నరసింహ జయంతికి ఆడే భాగవతమేళ నాటకాలన్నీ తెలుగే. వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రంలో వాడే నరసింహుడి ముఖానికి పూజలు చేస్తారు. దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. మన తిరుపతి గంగజాతర చివరిరోజున తాతయ్యగుంట గుడి ముందు మట్టితో చేసే అమ్మవారి విశ్వరూపం చెంప తొలగించడంతో జాతర ముగుస్తుంది. ఆ మట్టిని భక్తులు ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతారు.

అమెరికాలో పండుగా లేదు, మొక్కూ లేదు, సరదాకే జంతువుల వేషాలు కట్టేవారు వేలల్లో ఉన్నారు. పిట్స్‌బర్గ్ నగరంలో 2006 నుంచి వారి సమ్మేళనం జరుగుతోంది. బొచ్చు గుడ్డతో కుట్టిన తలకు అయస్కాంతాలతో కనురెప్పలు అతికిస్తారు. ఒక జత తీసి మరో జత పెడితే కోపం పోయి నిద్రమత్తు వస్తుంది. కనుగుడ్డును లోపలికి గుంటలా అమర్చడం వల్ల మనం ఎటు నడిస్తే అటే చూస్తున్నట్టు ఉంటుంది. నల్లపాపలో సన్నటి జల్లెడ గుడ్డ పెడతారు, లోపలి మనిషి దానిలోంచే చూస్తాడు.

ఈ జల్లెడ గుడ్డ మాట పెద్దాయనకు నచ్చింది. ఇంట్లో పాత దోమతెర ముక్క వెతికి, నల్లరంగు పూసి, ముఖానికి అడ్డం పెట్టుకుని వీధిలోకి చూశారు. "బర్రెగొడ్డు కూడా కనపడతా ఉండాది" అన్నారు. దాంతో తగవు సగం తీరింది. కళ్లు పెద్దవిగా కోసి, తెర వేసి, దాని మీద పిలకాయలు అడిగిన కోపపు కళ్లనే రాస్తారు. నోరు మాత్రం సగమే.

నాలుక సంగతి తేలలేదు. ఎర్రగుడ్డ నాలుక వేలాడాలని పిలకాయలు, గాలికి అడ్డమని పెద్దాయన. నేను వచ్చేసరికి మట్టిముఖం పశువుల పాక నీడలో ఆరుతోంది. దాని నోట్లో ఎవరో అప్పటికే ఒక మందారపువ్వు పెట్టి పోయారు.