పాత హెచ్‌ఎంటీ కొంటున్నారా? మెషీన్ తర్వాత, ముందు డయల్ చూడండి

జనగామలో మా తాత ముప్పై ఏళ్లు పెట్టుకున్న హెచ్‌ఎంటీ జనతాని పాడుచేసింది నేనే. ఆగిపోయిందని ఒక షాపులో సర్వీసుకిచ్చా. "డయల్ కూడా కొత్తగా చేసిస్తా, ఇంకో మూడొందలు" అన్నారు. సరే అన్నా. వారం తర్వాత తళతళలాడే తెల్లటి డయల్‌తో వచ్చింది. తాత అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాది కాదు బిడ్డా" అన్నాడు. మెషీన్ అదే, కేసు అదే, వెనక మూత మీద గీతలూ అవే. అక్క పెళ్లి ఫొటోలో ఆయన చెయ్యి జూమ్ చేసి చూస్తే అర్థమైంది. పేరు అక్షరాల వంపు వేరు, గీతల మందం వేరు. పాత పెయింటు గీకేసి, మళ్లీ రంగేసి, పైన అక్షరాలు అచ్చేశారన్నమాట. దీన్నే రీడయల్ అంటారు. ఒకసారి చేశాక పాతది తిరిగి రాదు.

సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన వాచీలివి. జనతాలోనూ పైలట్‌లోనూ ఎక్కువగా ఉండేది 17 జువెల్స్, కీ ఇచ్చే 0231 మెషీనే. స్ప్రింగు విరిగితే ఇంకో పాత వాచీ విప్పి పార్టు వేసేస్తారు, ఎవరికీ తేడా తెలీదు. డయల్‌కి ఆ సౌకర్యం లేదు. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్‌ని మూసేయడానికి కేంద్ర కేబినెట్ ఓకే చెప్పాక పాతవాటికి గిరాకీ పెరిగింది, దాంతోపాటు రంగులేసే పనీ పెరిగింది. పైలట్ అంటే నల్ల డయల్. నెట్‌లో ఎర్రవి, నారింజవి, ఆకుపచ్చవి "రేర్, మింట్ కండిషన్" అని కనిపిస్తే, చాలావరకు నిన్నమొన్న రంగేసినవే అనుకోండి.

తాతకి అలాంటిదే ఇంకోటి, అసలు డయల్‌తో వెతకాలనుకున్నా. రైలెక్కి కాజీపేట మీదుగా మహబూబాబాద్ వెళ్లా. అక్కడ పాత వాచీలు బాగుచేసే ఒకాయన దగ్గర జనతా లేదు గానీ, మెరిసిపోతున్న పైలట్ ఉంది. ఫోన్ తీశా.

ఇక్కడ మన సబ్జెక్టు వస్తుంది. మాక్రో మోడ్ ఆన్ చేసి క్లిక్ కొడితే చాలదు. ఇప్పటి ఫోన్లు నాయిస్ తీసేసే పేరుతో డయల్ మీది సన్నటి గరుకుని నున్నగా చేసేస్తాయి. షార్ప్‌నింగేమో అలుక్కుపోయిన అక్షరాల అంచుల్ని లేనంత నీట్‌గా చూపిస్తుంది. మనకి కావాల్సిన సాక్ష్యాలే ఆ రెండూ! ప్రో మోడ్‌లో రా ఫొటో తీయండి. అల్ట్రావైడ్ మాక్రోతో బాగా దగ్గరికెళ్లాలి, ఫోన్ నీడే డయల్ మీద పడుతుంది. టెలిఫోటో మాక్రో ఉంటే హాయి. ఫ్లాష్ వద్దు. వాచీని కిటికీ పక్కకి తెచ్చి, వెలుతురు ఏటవాలుగా పడేలా వంచండి.

అలా చూస్తే నిమిషాల గీతలు ఒకటి లావు, ఒకటి సన్నం. పదిహేడు జువెల్స్ అన్న లైను కొద్దిగా పక్కకి జరిగి ఉంది. ముళ్లు దిగే మధ్య రంధ్రం చుట్టూ పెయింటు గట్టులా పేరుకుంది. అన్నిటికన్నా తేలిగ్గా పట్టిచ్చింది చీకట్లో వెలిగే పూత: ముళ్ల మీద గోధుమ రంగుకి తిరిగింది, అంకెల మీద మాత్రం లేత ఆకుపచ్చ, ఫ్రెష్‌గా. రెండూ ఒకే ఫ్యాక్టరీలో ఒకేసారి వేసినవైతే దాదాపు ఒకేలా ముసలివవ్వాలి కదా. ముళ్లు మార్చినా ఇలా తేడా వస్తుంది, కాబట్టి ఈ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

ఆయన దాచలేదు. "రంగేసిందే తమ్మీ. మెరుస్తనే కొంటున్నరు, నేనేం జెయ్యాలె?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేనూ మూడొందలిచ్చినవాణ్ణే.

జనతా దొరికింది భూపాలపల్లిలో. ఫ్రెండ్ వాళ్ల పెదనాన్న, సింగరేణిలో చేసి రిటైరైన మనిషి, అమ్ముతానన్నారని తెలిసి హనుమకొండలో బస్సెక్కి పరకాల మీదుగా వెళ్లా. డయల్ మీగడ రంగుకి తిరిగింది. మూడు అంకె వైపు అంచున చిన్న చిన్న మచ్చలు, పైన వార్నిష్ ఒకటి రెండు చోట్ల పొంగింది. రంగు అంతటా ఒకేలా మారితే అది వయసు, భయం లేదు. మచ్చలతోనే జాగ్రత్త. కీ ఉండేది మూడు వైపే కాబట్టి చెమట, తేమ మొదట దిగేదీ అటే. డయల్ అలా ఉంటే లోపల ఇంకేముందో? మూత తీయించి చూడందే డబ్బివ్వనని చెప్పా. కీ కడ్డీ మీద తుప్పు లేదు, పక్కనున్న పళ్ల చక్రాలూ శుభ్రంగా ఉన్నాయి. ముళ్లూ బాగున్నాయి. తేమ ఎప్పుడో వచ్చి ఆగిపోయిందని ధైర్యం చేశా. కడ్డీకి తుప్పుంటే మాత్రం డయల్ ఎంత అందంగా ఉన్నా లేచి వచ్చేసేవాణ్ణి.

పెద్దాయనకి ఆ మచ్చలంటే నామోషీ. "గిట్ల ఇయ్యబుద్ధి అయితలేదు బిడ్డా. వారం ఆగు, కొత్తగ రంగేయించి ఇస్త" అన్నారు. చేతులు పట్టుకుని ఆపినంత పని చేశా. కనీసం తడిగుడ్డతో తుడిచిస్తానన్నారు. అదీ వద్దన్నా. వార్నిష్ వదులైన డయల్‌ని తడిపితే కింది అక్షరాలు గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు కవరు మీద "మెషీన్ మాత్రమే, డయల్ ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాశా. ముందే ఫొటోలు తీసి పెట్టుకున్నా. తిరిగొచ్చాక కిటికీ దగ్గర కూర్చుని, ఫొటో పక్కన పెట్టుకుని మచ్చలు లెక్కపెట్టా. పదకొండు. అన్నీ ఉన్నాయి.