గాలిలో పొర్లిన కారు

తెరపై ఒక కారు కాలువవైపు వేగముగా పోవుచున్నది. వంతెన నడుమ కూలిపోయినది. మెలికపడిన రెండు కొసలు మాత్రము మిగిలినవి. కారు ఆగదు. ఈవలి కొస మీదుగా పైకి లేచి, గాలిలో కదురువలె ఒక చుట్టు పూర్తిగా తిరిగి, ఆవలి కొసపై నాలుగు చక్రములతో దిగి సాగిపోవును. 1974లో విడుదలైన ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’ అను జేమ్స్ బాండ్ చిత్రములోని దృశ్యమిది. దీనిని థాయ్‌లాండ్‌లో చిత్రీకరించిరి. ఇందులో బొమ్మకారు లేదు, కెమేరా కనికట్టు లేదు. అమెరికన్ మోటార్స్ వారి హార్నెట్ కారును లోరెన్ విలర్ట్ అను చోదకుడు నిజముగానే దూకించెను. మొదటి ప్రయత్నములోనే పని ముగిసెను.

చూచిన వారందరు చోదకుని ధైర్యమును మెచ్చుకొందురు. అది మెచ్చుకొనదగినదే. కాని కారు గాలిలో ఉన్నంతసేపు ఆ చోదకుడు చేయగలిగినది ఏమి? చక్రములకు నేల తగులుటలేదు కనుక స్టీరింగు త్రిప్పినను దారి మారదు. బ్రేకు నొక్కినను ప్రయాణము ఆగదు. కారు ఎక్కడ దిగునో, ఏ వైపున దిగునో, నేలను విడుచు క్షణముననే నిర్ణయమైపోవును. కావున చోదకుని ప్రాణము గాలిలో చూపు నేర్పుపై గాక, అంతకుముందు కాగితముపై వేసిన లెక్కపై ఆధారపడియున్నది.

ప్రక్షేపక చలనము

నేలను విడిచిన కారు విసరిన రాయి వంటిది. దాని గరిమనాభి భూమ్యాకర్షణకు లోబడి పరవలయ మార్గమున పోవును. ఆ దృశ్యములో కారు వేగము గంటకు సుమారు 64 కిలోమీటర్లు. అనగా సెకనుకు దాదాపు 17.8 మీటర్లు. వాలు వేదిక ఈ వేగములో సెకనుకు 5 మీటర్ల భాగమును పైకి మరల్చినదని ఉదాహరణకు అనుకొందము. కారు పైకి పోవుటకు అర సెకను, క్రిందికి వచ్చుటకు అర సెకను పట్టును. ఆ ఒక్క సెకనులో అది ముందుకు సుమారు 17 మీటర్లు పోవును. అదే సెకనులో పొర్లుట కూడ పూర్తి కావలెను.

పొర్లునట్లు చేయుటకై వేదికను మెలిక త్రిప్పి కట్టుదురు. ఒక ప్రక్క చక్రములు రెండవ ప్రక్క కంటె క్రమముగా పైకి లేచుటచే, వేదికను విడుచునప్పటికే కారు ప్రక్కకు తిరుగుచుండును. గాలిలో ఆ తిరుగుడును ఆపు బలమేదియు దాదాపు లేదు. కనుక కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమము ననుసరించి అది తిరుగుచునే యుండును. దిగు వేదికను కూడ మెలికతో కట్టుటవలన గాలిలో తిరుగవలసిన కోణము కొంత తగ్గును.

ఇక వేగములో పొరపాటు జరిగినచో ఏమగును? వేగము పెరిగినచో కారు గాలిలో ఎక్కువసేపు ఉండును. అదే నిష్పత్తిలో తిరుగుడు వేగము కూడ పెరుగును. ఈ రెండింటి లబ్ధమే మొత్తము తిరిగిన కోణము. అనగా ఆ కోణము వేగము యొక్క వర్గమునకు అనుపాతములో నుండును. గాలిలో 270 డిగ్రీలు తిరుగవలెనని ఏర్పరచిన కారు నూటికి 10 వంతులు ఎక్కువ వేగముతో పోయినచో 270ని 1.21తో గుణింపవలెను, దాదాపు 327 డిగ్రీలు వచ్చును. అనగా 57 డిగ్రీలు అధికము. అప్పుడు కారు చక్రములపై గాక ప్రక్కపై పడును. దూరము సైతము 17 మీటర్లు గాక 20 మీటర్లు దాటును. గంటకు ఆరు కిలోమీటర్ల తేడా ప్రాణాంతకము కాగలదు.

బరువు నెందుకు లెక్కించిరి?

ఈ విన్యాసమునకు కారు బరువును చోదకునితో కలిపి సుమారు 1,460 కిలోగ్రాములుగా కచ్చితముగా నిర్ణయించిరి. ఇక్కడ విద్యార్థులకు సందేహము కలుగును. పడు వస్తువు త్వరణము ద్రవ్యరాశిపై ఆధారపడదు గదా! నిజమే. కాని వేదికపై నున్నప్పుడు స్ప్రింగులు, టైర్లు ఎంత అణగునో బరువును బట్టి యుండును. అవి అణగిన తీరును బట్టి కారు ఎగురు తీరు మారును. అంతకంటె ముఖ్యమైనది, ఆ బరువు ఎక్కడ నున్నదన్నది. చోదకుడు ఒక ప్రక్క కూర్చున్నచో గరిమనాభి ఆ ప్రక్కకు జరుగును. అందుచేత స్టీరింగును, ఆసనమును కారు నడిమికి మార్చిరి.

ఈ లెక్కలు చేతితో తెమలునవి కావు. అమెరికాలోని బఫెలో నగరమున కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీలో రేమండ్ మెక్‌హెన్రీ రూపొందించిన కంప్యూటరు పద్ధతి ఇందుకు ఆధారము. విశేషమేమనగా ఆ పద్ధతి సినిమాల కొరకు పుట్టినది కాదు. రోడ్డు ప్రమాదములలో కార్లు ఎట్లు కదలునో తెలిసికొని ప్రాణనష్టమును తగ్గించుటకై పుట్టినది. ఆ లెక్క ఎంతవరకు నమ్మదగినదో ఈ దూకుడు ఒక పరీక్ష వంటిదైనది. చిత్రమునకు ముందే, 1972లో, హ్యూస్టన్ నగరములోని ఆస్ట్రోడోమ్ క్రీడాశాలలో ప్రేక్షకుల యెదుట జావెలిన్ కారుతో దీనిని చేసి చూపిరి.

దిగుటలోనే అపాయము

ఎగురుట కంటె దిగుట కష్టము. సెకనుకు 5 మీటర్ల వేగముతో క్రిందికి వచ్చు కారు 5 సెంటీమీటర్లలో ఆగినచో, దాని ఋణత్వరణము భూమ్యాకర్షణ త్వరణమునకు దాదాపు 25 రెట్లుండును. వెన్నెముకకు అది పెద్ద దెబ్బ. అదే 50 సెంటీమీటర్లలో ఆగినచో రెండున్నర రెట్లే. దిగుచోట వాలు వేదికను ఏర్పరచుటలోని మర్మమిదే. కారు నేలను గ్రుద్దుకొనక వాలు వెంబడి జారిపోవును. చోదకుని చుట్టును ఉక్కు గొట్టముల పంజరము, శరీరమును ఆసనమునకు బిగించు పట్టీలు, అగ్ని భయము తగ్గుటకు స్వల్పముగా ఇంధనము — ఇవన్నియు లెక్క తప్పినప్పటి రక్షణలు.

పొర్లని కారును పొర్లించుట

కొన్ని సమయములలో కారు నేలపైననే పల్టీలు కొట్టవలెను. వెడల్పైన చక్రాంతరము, క్రిందుగా నున్న గరిమనాభి గల కారు సులభముగా తలక్రిందులు కాదు. ‘కసీనో రాయల్’ (2006) చిత్రమునకై ఆస్టన్ మార్టిన్ కారును చిన్న వేదికపైకి తోలి చూచిరి, అది పొర్లలేదు. అప్పుడు కారు అడుగున నత్రజని వాయు పీడనముతో పనిచేయు ఫిరంగిని అమర్చిరి. దాని ముషలకము నేలను బలముగా తన్నగానే, న్యూటన్ మూడవ నియమము ప్రకారము నేల కారు ప్రక్కను అంతే బలముతో పైకి తన్నెను. ఆడమ్ కర్లీ నడిపిన ఆ కారు ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డులోకి ఎక్కినది. ఈ ఉపాయము 1974 నాటి ‘మెక్‌క్యూ’ చిత్రములో హాల్ నీధమ్ వాడినదే. ఆనాడు వాయువునకు బదులు తుపాకిమందు వాడిరి.

తరగతిలో ప్రయోగము

ఉపాధ్యాయులు ఇందులోని ఒక సూత్రమును బొమ్మకారుతో, బల్లతో చూపవచ్చును. కారును బల్ల అంచునుండి మెల్లగా దొర్లించినచో ముందు చక్రములు బల్లను విడిచిన తరువాత కూడ వెనుక చక్రములు దానిపైననే యుండును. ఆ కొద్ది కాలములో ముందుభాగము క్రిందికి ఒరిగి, ఆ తిరుగుడుతోనే కారు ముక్కుమీద పడును. వేగము పెంచి చూడుడు, ఒరుగుట తగ్గును. తోకకు బంకమన్ను అంటించి మరల చూడుడు. ఇంజను బరువు ముందున్న కార్లను దూకించునపుడు డిక్కీలో బరువులు వేయుట ఇందుకొరకే.

విద్యార్థులు గ్రహింపవలసిన విషయము మరియొకటి గలదు. తెరపై ఒక సెకను కనబడు దూకుడు వెనుక ఎన్నో నెలల గణితము, పరీక్షలు, పంజరము, పట్టీలు ఉన్నవి. వీధిలో మోటారుసైకిలుపై దానిని అనుకరించు బాలునకు వీనిలో ఒక్కటియు లేదు. భూమ్యాకర్షణ మాత్రము ఇద్దరికిని సమానమే.