బన్నేరుఘట్ట వనములో ఒకదినపు చదువు

పుస్తకములో చదివిన చెట్టును కన్నులార చూచిననాడే దానిని గూర్చిన జ్ఞానము స్థిరపడును. బెంగళూరు విద్యార్థులకు ఈ భాగ్యము చేరువలోనే యున్నది. నగరమునకు దక్షిణముగా సుమారు 22 కిలోమీటర్ల దూరమున బన్నేరుఘట్ట జాతీయోద్యానము కలదు. మన పిల్లలు బస్సులలో అచటికి పోయి వచ్చుచునే యున్నారు. కాని పులిని, సింహమును చూచి, వేరుసెనగకాయలు తిని తిరిగి వచ్చినంత మాత్రమున జాతీయోద్యానమును చూచినట్లు కాదు.

ఈ అడవి 1974లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. అందులో కొంత భాగమును 2002లో వేరుపరచి, జంతుప్రదర్శనశాల, సఫారీలు గల జైవికోద్యానముగా ఏర్పరచిరి. సందర్శకులు చూచునది ఈ చిన్న భాగమే. దానికి ఆవల 260 చదరపు కిలోమీటర్ల అడవి కావేరీతీరపు అడవుల దిశగా సాగిపోవుచున్నది. సువర్ణముఖి యను వాగు అందలి మృగములకు నీరొసగుచున్నది. శ్రీకాళహస్తి చెంత పారు స్వర్ణముఖి వేరు, ఇది వేరు.

ఏనుగు దినమునకు సుమారు 150 కిలోల మేత మేయును. కావున అది ఒకచోట నిలువజాలదు. ఋతువు ననుసరించి అడవినుండి అడవికి నడచును. నడుమ దారిలో రాగిచేలు, ఇండ్లు, రాతిగనులు అడ్డుపడుచున్నవి. ఏనుగు ఊరిమీద పడినదని మనమందుము. ఊరే ఏనుగు దారిమీద పడినదేమో విద్యార్థులు విచారింపవలెను. అడవి చుట్టును కట్టడములను అదుపుచేయు రక్షణవలయమును 2016 నాటి ముసాయిదాలో సుమారు 269 చదరపు కిలోమీటర్లుగా చూపిరి. 2020లో తుది ప్రకటన వచ్చునప్పటికి అది 169కి తగ్గినది. ఈ రెండంకెలను పటముపై గీచి చూచుట మంచి భూగోళపాఠము.

2006లో నెలకొల్పిన సీతాకోకచిలుకల వనము మరియొక పాఠశాల. నిమ్మ, కరివేప ఆకులను తినునది ఒక జాతి పురుగు. జిల్లేడాకులను తినునది వేరొక జాతి. జిల్లేడు మేసినదానికి పాలలోని చేదు ఒంటబట్టును. అందుచే పక్షులు దానిని ముట్టవు. ఇంటిపెరటిలో వీనిని ముందే చూచిన బాలునికి అచట చూచునది సుబోధమగును.

మన పిల్లలకు మరియొక పని కూడ కలదు. ప్రతి విద్యార్థియు నోటుపుస్తకమున రెండు వరుసలు గీచి, చూచిన ప్రతిదాని పేరును తెలుగునను, కన్నడమునను వ్రాయవలెను. మన చింత వారి హుణసె. మన వేప వారి బేవు. మన ఎలుగుబంటి వారి కరడి. వెదురును వారు బిదిరందురు. జాలారి చెట్టు ఇరువురికిని జాలారియే. నగరమున పెరుగు పిల్లలు చెట్ల పేర్లను ఆంగ్లముననే నేర్చుచున్నారు. తెలుగు పేర్లు ఇంటిలోని అవ్వతాతలకు తెలియును. వారిని అడిగి వ్రాసికొననిచో, ఆ పేర్లు వారితోనే పోవును.

తల్లిదండ్రులకు ఒక మాట. జైవికోద్యానమునకు మంగళవారము సెలవు. కర్ణాటక అటవీశాఖ బడిపిల్లలను అడవులకు గొనిపోవుటకై ‘చిణ్ణర వనదర్శన’ మను కార్యక్రమమును చేపట్టినది. దానిని గూర్చి ప్రధానోపాధ్యాయుని అడుగుడు. పిల్లలకు మాసిన రంగుల దుస్తులు, నీటిసీసా, పెన్సిలు ఇచ్చి పంపుడు. తిరిగివచ్చిన రాత్రి వారి నోటుపుస్తకమును తెరచి, ఖాళీగానున్న తెలుగు పేర్లను వారితో కూర్చుండి పూరింపుడు.