అమ్మ చేతిని చూసి చేసిన మిషను

నాట్లు వేసే రోజుల్లో దంతాలపల్లి పొలాల్లో ఆడవాళ్లు పొద్దంతా వంగే ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చాక నడుము లేవదు. పత్తి ఏరే రోజుల్లో వేళ్లు గుంజుతాయి. ఒకే పనిని చెయ్యి వేలసార్లు చేస్తే నొప్పి రాక ఏం చేస్తుంది?

అలాంటి పనే ఇంకొకటి ఉంది. దాని పేరు ఆసు. అది పొలం పని కాదు. పట్టుచీరలు నేసే ఇళ్లల్లో చేసే పని. దంతాలపల్లి నుంచి తొర్రూరు మీదుగా జనగామ పోయి, అక్కడ హైదరాబాదు బస్సెక్కితే దారిలో ఆలేరు వస్తుంది. ఆలేరు మండలంలో శారాజీపేట అనే ఊరుంది. ఆ ఊళ్లో ఒక నేత ఇంట్లో లక్ష్మి ఏళ్ల తరబడి ఆసు పోసింది. ఆమె కొడుకు పేరు చింతకింది మల్లేశం. ఈ కథ ఆ తల్లీకొడుకులది.

ఆసు అంటే ఏమిటి?

పోచంపల్లి పట్టుచీర చూసే ఉంటారు. దాని మీద పూలుంటాయి, చిలుకలుంటాయి, ఏనుగులుంటాయి. అవి అచ్చు గుద్దినవి కావు. సూదితో కుట్టినవీ కావు. చీర నేయక ముందే దారానికి రంగులు వేస్తారు. దారంలో ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ గట్టిగా చుట్టి కడతారు. తర్వాత రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. మళ్లీ ఇంకో చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అట్లా తయారైన దారంతో నేస్తుంటే, పువ్వు దానంతట అదే బట్ట మీదికి వస్తుంది. దీన్ని టై అండ్ డై అంటారు. ఇక్కత్ అని కూడా అంటారు.

కట్టే ముందు దారాన్ని చీర వెడల్పుకు సరిగ్గా సరిపోయేటట్టు వరుసగా పేర్చుకోవాలి. వరుస తప్పితే పువ్వు చెదిరిపోతుంది. ఆ పేర్చే పనే ఆసు. ఒక పక్క ఒకే ఒక మేకు ఉంటుంది. దానికి ఎదురుగా సగం చందమామలా వంగిన చట్రం మీద వరుసగా మేకులుంటాయి. పట్టు పోగును ఈ మేకు నుంచి ఆ మేకుకు తీసుకుపోవాలి, చుట్టాలి, వెనక్కి తేవాలి. ఒక మేకుకు లెక్క ప్రకారం చుట్లు అయిపోతే పక్క మేకుకు పోవాలి. ఒక్క పోగు తప్పినా, తెగినా అక్కడే ఆగి సరిచేసుకోవాలి.

ఒక చీరకు చెయ్యి 9,000 సార్లు తిరగాలి. పలక తీసుకుని లెక్క వేయండి. ఒక్కసారికి ఒక మీటరు అనుకున్నా 9,000 మీటర్లు. అంటే 9 కిలోమీటర్లు! కూర్చున్న చోటనే చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు నడిచింది. ఒక చీర ఆసుకు నాలుగైదు గంటలు పట్టేది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 కిలోమీటర్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. అయినా ఈ చీర ఎవరు నేశారని అడిగితే మగ్గం మీద కూర్చున్న మనిషి పేరే చెబుతారు.

లక్ష్మికి భుజాలు నొప్పులు, చేతులు నొప్పులు. ఇంక నా వల్ల కాదని కొడుకుతో చెప్పుకునేది. కానీ ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. మల్లేశం చదువు ఆరో తరగతితోనే ఆగింది. చిన్నప్పుడే నేతలోకి వచ్చాడు. అమ్మ బాధ రోజూ కళ్లముందే ఉండేది. ఈ పని మిషను చేస్తే బాగుండును అనుకున్నాడు. 1992లో మొదలుపెట్టాడు.

మోటారుకు తెలిసింది గుండ్రంగా తిరగడం ఒక్కటే. కానీ ఆసు పోసే చెయ్యి గుండ్రంగా తిరిగి ఊరుకోదు. ముందుకు పోతుంది. మేకు చుట్టూ తిరుగుతుంది. వెనక్కి వస్తుంది. లెక్క పెట్టుకుంటుంది. పక్కకు జరుగుతుంది. మరి గుండ్రంగా తిరిగేదాన్ని ముందుకూ వెనక్కూ నడిపించేదెట్లా?

కుట్టుమిషను గుర్తు తెచ్చుకోండి. అక్కడ చక్రం తిరుగుతుంది. సూది మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది. చక్రానికీ సూదికీ మధ్య కడ్డీలు, ఇరుసులు ఉండి తిరుగుడును ఆటగా మారుస్తాయి. ఆసు మిషనుకు అట్లాంటి కదలిక ఒక్కటి సరిపోదు, నాలుగైదు కావాలి. ఒకటి అయ్యాకే ఇంకొకటి రావాలి. ఇన్నేళ్లూ అమ్మ చెయ్యి ఎవరూ చెప్పకుండా చేసిన పనిని ఇప్పుడు ముక్కలు ముక్కలుగా విడదీసి చూడాల్సి వచ్చింది.

కొత్త యంత్రం పెద్ద కార్ఖానాలోనే పుట్టాలని లేదు. ఇంగ్లండులో క్రిస్టఫర్ కాకరెల్ అనే ఇంజనీరు ఉండేవాడు. గాలి దిండు మీద నీళ్లపై జారిపోయే పడవ చేయాలని ఆయన ఆలోచన. 1955లో ఆయన ఒక కాఫీ డబ్బాలో ఇంకో చిన్న డబ్బా పెట్టాడు. రెండింటి సందులోంచి గాలి ఊదాడు. ఆ గాలి ఎంత బలంగా నొక్కుతుందో వంటింటి త్రాసు మీద తూచి చూశాడు. 1959లో అట్లాంటి పడవ ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రం దాటింది. దాని పేరు హోవర్‌క్రాఫ్ట్.

కాకరెల్ పెద్ద చదువు చదివినవాడు. మల్లేశానికి ఆ చదువు లేదు, డబ్బూ లేదు. సంపాదించింది సామాన్లకు పోయింది. అప్పులయ్యాయి. పిచ్చి పట్టిందని ఊళ్లోవాళ్లు నవ్వారు. కొన్ని కదలికలు కుదిరాయి, కొన్ని కుదరలేదు. హైదరాబాదు పోయి కూలి పని చేశాడు. అక్కడ ఒకరోజు ఒక కార్ఖానాలో ఒక యంత్రం ఆడుతుంటే చూశాడు. తనకు ఇన్నాళ్లూ అంతుపట్టని కదలిక అందులో కనిపించింది! 1999లో ఆసు మిషను పూర్తయింది. మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లు.

దానికి లక్ష్మి ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతుంది. ఒక్క రోజులో ఆరు చీరల దాకా ఆసు పోయవచ్చు. తర్వాత మిషనుకు ఎలక్ట్రానిక్ భాగాలు కూడా కలిపాడు. పల్లె సృజన అనే సంస్థ అండగా నిలిచింది. పేటెంటు వచ్చింది. అంటే ఈ మిషను మల్లేశం తయారు చేసినదని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

మిషను వచ్చిందని మనిషి పని మొత్తం పోలేదు. దారం తెగితే చూసి అతకాలి. కరెంటు పోతే మిషను ఆగుతుంది. రంగు పట్టకుండా కట్టడం ఇప్పటికీ చేతి పనే. మగ్గం మీద నేత కూడా చేతి పనే. భుజం పట్టేసే ఆ తొమ్మిది వేల తిప్పుళ్లు మాత్రం మోటారు తీసుకుంది.