నెగటివ్ అంటే లోపమా?

మొన్న శ్రావణమాసంలో ఒకనాటి మిట్టమధ్యాహ్నం మా మేనత్త ఎండలో పడి వచ్చింది. మంచినీళ్ళయినా పుచ్చుకోకుండా, చేతిలోని మడత కాగితం నా ముందు పెట్టింది.

"ఒరే అబ్బాయ్! ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పావు గదా. ఈ ముక్కకు అర్థం చెప్పు."

చూశాను. అది ఆమె మనుమరాలి రక్తపరీక్ష కాగితం. గ్రూపు అన్నచోట 'బి నెగటివ్' అని ఉంది.

సంగతేమిటంటే, పిల్లకు సంబంధం దాదాపు కుదిరింది. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి. ఈలోగా మగపెళ్ళివారు రక్తం గ్రూపు అడిగారు. కాగితం చూసి పెళ్ళికొడుకు నాయనమ్మ, "శుభమా అని సంబంధం కలుపుకుంటుంటే ఈ నెగటివ్ ఏమిటి? పిల్లకేమైనా లోపమా?" అన్నదట.

"మా పిల్ల బంగారుబొమ్మ. దానికేం తక్కువరా? పోనీ, ఆ పరీక్ష చేసిన కుర్రాణ్ణి బతిమాలి పాజిటివ్ అని రాయించేస్తే పోలా?" అన్నది అత్తయ్య.

నా గుండె ఝల్లుమన్నది. పైకి మాత్రం నెమ్మదిగానే అడిగాను.

"అత్తయ్యా! 2020లో నీకు జ్వరం తగిలితే కరోనా పరీక్ష చేయించాం, జ్ఞాపకముందా? కాగితంలో ఏమని వచ్చింది?"

"నెగటివ్ అని వచ్చింది. ఆంజనేయస్వామికి నూటెనిమిది ప్రదక్షిణాలు చేశాను."

"మరి ఆనాడు వరమైన మాట ఈనాడు శాపం ఎట్లా అయింది?"

అత్తయ్య మాట్లాడలేదు. ఆమెనని ఏం లాభం? ఈ రెండు మాటలూ మన ఇళ్ళలో రోజూ వినబడేవే. కాని ఒక్కొక్క చోట ఒక్కొక్క వేషం వేస్తాయి.

'పాజిటివ్' మాటకు మూలం లాటిన్‌లో ఉన్నది. 'పెట్టబడినది', 'స్థాపించబడినది' అని దాని అసలు అర్థం. ఇంగ్లీషులోకి వచ్చిన తొలిరోజుల్లో అది న్యాయశాస్త్రంవారి మాట. ప్రకృతి సిద్ధమైన ధర్మం కాక, మనుషులు కూర్చుని ఏర్పాటు చేసుకున్న చట్టాన్ని అట్లా అనేవారు. ఏర్పాటైనది గనుక ఖాయమైనది. అందుకే ఇంగ్లీషువాడు దేన్నయినా 'పాజిటివ్'గా చెబుతున్నానంటే, రూఢిగా చెబుతున్నానని అర్థం. 'నెగటివ్' కూడా లాటిన్ సంతానమే. దాని అర్థం 'కాదనడం'. అంటే ఒకటి ఉన్నదనే మాట, ఇంకొకటి లేదనే మాట. ఇందులో మంచి చెడ్డల ప్రసక్తి ఎక్కడున్నది?

లెక్కల్లో చూడండి. సున్నకు ఎగువన ఉన్నవి పాజిటివ్ సంఖ్యలు, దిగువన ఉన్నవి నెగటివ్ సంఖ్యలు. మన బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే వీటికి ధనమనీ, ఋణమనీ పేర్లు పెట్టి, కూడికలకూ తీసివేతలకూ సూత్రాలు చెప్పాడు. ఆస్తీ అప్పూ అన్నమాట! నేటికీ మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ధనసంఖ్య, ఋణసంఖ్య అనే వాడుక ఉన్నది.

కరెంటు విషయానికి వస్తే, 1747 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే అమెరికా పండితుడు విద్యుత్తు ఒక ద్రవంలాంటిదనీ, అది ఎక్కువైతే పాజిటివ్, తక్కువైతే నెగటివ్ అనీ పేర్లు పెట్టాడు. నూటయాభై ఏళ్ళు గడిచాక, 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. తీరా చూస్తే తీగెలో పరుగెత్తేది ఆ ఎలక్ట్రాన్‌లే. వాటి విద్యుత్తు నెగటివ్! పాత పేర్లను ఎవరూ మార్చలేదు. మన ఇంట్లో పంకా తిప్పేదీ, దీపం వెలిగించేదీ ఆ నెగటివే.

ఫోటోల సంగతి మన పెద్దలకు తెలిసిందే. ఫిల్ము కెమెరాల రోజుల్లో నెగటివ్ భద్రంగా ఉంటే ఎన్ని బొమ్మలైనా వేయించుకునేవాళ్ళం. పెళ్ళిఫోటోల నెగటివ్‌లను పట్టుచీరల మడతల్లో దాచిన ఇల్లాళ్ళు ఎందరో!

ఇక వైద్యుల మాట. పరీక్ష అంటే ఒక ప్రశ్న. వెతికిన వస్తువు కనిపిస్తే పాజిటివ్, కనిపించకపోతే నెగటివ్. మలేరియా పరీక్షలో పాజిటివ్ వస్తే దిగులు. కోడలికి నెల తప్పిందని చేయించిన పరీక్షలో అదే పాజిటివ్ వస్తే ఇంటిల్లిపాదికీ పండుగ. మాట ఒకటే, అడిగిన ప్రశ్న వేరు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? 'ఆశతో కూడిన' అనే కొత్త అర్థం ఒకటి ఈ మధ్యకాలంలో బాగా ప్రచారంలోకి వచ్చింది. 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ అనే మతబోధకుడు 'పాజిటివ్ ఆలోచన'ను గురించి రాసిన పుస్తకం లక్షలకొద్దీ అమ్ముడుపోయింది. ఇప్పుడు మన పిల్లలు కూడా 'పాజిటివ్‌గా ఉండు తాతయ్యా' అని మనకే బోధిస్తున్నారు. ఆ అర్థాన్నే రక్తానికీ అంటగట్టడంవల్ల వచ్చింది ఈ తంటా.

రక్తంలో నెగటివ్ అంటే ఏమిటో అత్తయ్యకు ఇట్లా చెప్పాను. ఎర్రకణాల మీద ఆర్.హెచ్. అనే పదార్థం ఒకటి కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని లోకానికి వెల్లడించారు. రీసస్ అనే జాతి కోతులతో చేసిన ప్రయోగాల వల్ల ఆ పేరు వచ్చింది. ఉన్నవారు పాజిటివ్, లేనివారు నెగటివ్. మనదేశంలో నూటికి సుమారు అయిదుగురు నెగటివ్‌వారు. అది జబ్బూ కాదు, లోపమూ కాదు.

అయితే జాగ్రత్త మాత్రం ఒకటి ఉన్నది. తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే, బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలిస్తే, తల్లి శరీరం దాన్ని పరాయిదిగా ఎంచి ఎదిరించడం నేర్చుకుంటుంది. మొదటి బిడ్డకు సామాన్యంగా ప్రమాదం ఉండదు. తరువాతి కాన్పుల్లో పాజిటివ్ బిడ్డ అయితే, తల్లి రక్తమే బిడ్డ రక్తకణాలను నాశనం చేస్తుంది. పూర్వం ఇట్లా ఎందరో పసికందులు పోయారు. 1968 నుంచి దీనికి ఇంజెక్షన్ ఉన్నది. ఏడో నెల ప్రాంతంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటలలోగా ఇంకొకటి ఇస్తారు. గర్భస్రావమైనా డాక్టరుకు చెప్పి తీరాలి.

"కాగితంలో అబద్ధం రాయిస్తే ఏమయ్యేదో తెలిసిందా? ఆస్పత్రివారు మళ్ళీ పరీక్షిస్తారు, నిజమే. కాని ఏ పల్లెటూళ్ళోనో, ఏ అర్ధరాత్రో, ఆ పాత కాగితమే నమ్మితే? ఆ ఇంజెక్షన్ తప్పిపోతే? నువ్వు మార్చబోయింది ఒక్క మాట కాదు అత్తయ్యా, పుట్టబోయే మునిమనుమల అదృష్టం."

అత్తయ్య కళ్ళు తుడుచుకున్నది. మర్నాడే ఇరుపక్షాల పెద్దలూ కలిసి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళారు. పిల్లవాడి రక్తమూ పరీక్షించారు. పాజిటివ్ అని తేలింది. డాక్టరమ్మ చేయవలసిన జాగ్రత్తలన్నీ వివరించింది. అన్నిటికంటే శ్రద్ధగా విన్నది పెళ్ళికొడుకు నాయనమ్మట!

మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన అత్తయ్యను, "మగపెళ్ళివారికి ఇంకా ఏమైనా అనుమానమా?" అని అడిగాను.

"అనుమానమా, పాడా! మా పిల్ల నెగటివ్ అని నేనే పాజిటివ్‌గా చెప్పి వచ్చాను" అన్నది.

ముప్ఫై ఏళ్ళ నా ఇంగ్లీషు పాఠాల్లో ఆ మాటను అంత సరిగ్గా వాడిన విద్యార్థి ఇంకొకరు లేరు.