ఆటిజం - ఒత్తిడి, వ్యాధినిరోధక శక్తి, జీర్ణకోశ సమస్యలు

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఒక స్థితి. ఇది బాల్యంలోనే మొదలై జీవితాంతం ఉంటుంది. ఆటిజం గల పిల్లలలో మలబద్ధకం, విరేచనాలు, కడుపునొప్పి తరచుగా కనిపిస్తాయి. 2014లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, ఇతర పిల్లలతో పోలిస్తే వీరికి జీర్ణకోశ సమస్యలు ఉండే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. 1943లో లియో కానర్ తొలిసారిగా వర్ణించిన 11 మంది పిల్లలలోనూ పలువురికి ఆహారం తీసుకోవటంలో ఇబ్బందులుండేవి.

ఒత్తిడి - పేగు - మెదడు

పెద్ద శబ్దాలు, దినచర్యలో చిన్న మార్పులు సైతం ఈ పిల్లలకు తీవ్రమైన ఒత్తిడిని కలిగించవచ్చు. అపుడు హైపోథాలమస్ పీయూష గ్రంథిని, అది అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించగా కార్టిసాల్ స్రవిస్తుంది. ఈ హార్మోను కొద్దికాలం పాటు శోథను అణచి ఉంచుతుంది. ఒత్తిడి నెలల తరబడి కొనసాగితే మాత్రం నిరోధక వ్యవస్థ క్రమం తప్పుతుంది, పేగుల కదలికలు మారుతాయి. పేగు స్థితిని వేగస్ నాడి తిరిగి మెదడుకు తెలియజేస్తుంది. ఆ విధంగా నొప్పి మరల ఒత్తిడిని పెంచుతుంది. శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగులోనే ఉంటుంది. ఆటిజం గల కొందరి రక్తంలో ఇది హెచ్చుగా ఉన్నట్లు 1961లోనే గుర్తించారు.

మాటలు రాని పిల్లవాడు కడుపునొప్పిని చెప్పలేడు. తల బాదుకోవటం, రాత్రులు నిద్రపోకపోవటం, పొట్టను బల్ల అంచుకు అదుముకోవటం వంటి చేష్టలు నొప్పికి గుర్తులు కావచ్చునని 2010లో అమెరికా నిపుణుల బృందం హెచ్చరించింది. వీటిని "ఆటిజం లక్షణమే" అని వదిలివేయటం వలన నయం కాగల మలబద్ధకం కూడా ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది.

ఏది కారణం, ఏది ఫలితం అన్నది అంత సులువుగా తేలే విషయం కాదు. పేగులలోని సూక్ష్మజీవులలో కనిపించే తేడాలు చాలావరకు పిల్లలు కొద్ది రకాల ఆహారమే తినటం వలన ఏర్పడినవని 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు తెలిపారు.

అపోహలు

టీకాకు, పేగు వ్యాధికి, ఆటిజానికి ముడిపెడుతూ 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ప్రచురించిన పత్రాన్ని 'లాన్సెట్' 2010లో ఉపసంహరించుకొన్నది. అది 12 మంది పిల్లల మీద ఆధారపడిన పత్రం మాత్రమే.

గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందనటానికి కూడా తగిన ఆధారాలు లేవు. వరి అన్నమే ప్రధానమైన యానాం, కోనసీమ ప్రాంతాలలో గోధుమ మానటం కష్టమేమీ కాదు. కాని పాలు, పెరుగు కూడా మానిపిస్తే, అసలే రెండు మూడు పదార్థాలు తప్ప ముట్టని పిల్లలకు కాల్షియం కొరవడుతుంది.

ఫోలేట్ పరిశోధన

ఫోలేట్ మెదడులోకి చేరకుండా అడ్డుకొనే ప్రతిరక్షకాలు ఆటిజం గల కొందరు పిల్లల రక్తంలో కనిపించాయి. వీరికి ఫోలినిక్ ఆమ్లం ఇచ్చి చూసిన ప్రయోగాలు చిన్నవి; ఫలితాలు ఇంకా నిర్ణయాత్మకం కావు. గోదావరి జిల్లాల వారికి ఇందులో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది: 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోనే 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు.

గుర్తింపు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. ఈ చట్టం క్రింద ఇచ్చే ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. కనుక పుదుచ్చేరి పాలనలోని యానాం వాసులు పొందిన పత్రం పొరుగునున్న ఆంధ్ర ప్రదేశ్‌లోనూ చెల్లుబాటు అవుతుంది.